రాద మామా నీళ్ళ పెట్టె

ఈ గల్ఫ్ ఊర్లో, జాబ్రియా పేటలో ఒక సందు మొదట్లో ఒక నీళ్ళ పెట్టె ఉండాది. సబీల్ అంటారు ఈడ. గోడకానించి నిలబెట్టిన స్టీలు కూలరు, దానికి కొళాయిలు, పైన చిన్న రేకు నీడ. మొన్నటి దాకా పొద్దు గూకి మగ్రిబ్ బాంగు అయినంక ఆ పక్కకు ఒక్కడు పోయేవాడు కాదు. సైటు పని ముగించుకొని గొంతెండిపోయి వచ్చే కూలోళ్ళు గూడా రోడ్డు దాటి అవతలి పక్క నుంచి పోయేవాళ్ళు.

చీకటి పడితే ఆ పెట్టె తావ తెల్లగుడ్డల ముసలామె నిలబడి ఉంటాదంట. చేతిలో గ్లాసంట. తాగు నాయనా అని ఇస్తాదంట. తాగితే... ఆ నీళ్ళు పీనుగ కంపు కొడతాయంట.

ముసలామెను నేను చూడలా. కంపు మాత్రం నిజం. ఒకసారి మా మామాతో, అదే, నేను పని చేసే ఇంటి యజమానురాలితో, ఈడ మామా అనే పిలుస్తాం గదా, ఆ పక్క పోతా పోతా నేనే ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకున్నా.

నువ్వు కొత్తగా వచ్చినావు కాబట్టి చెప్తాండా. ఈ ఖైతాన్ రూములో శుక్రవారం సెలవుకు కలిసేవాళ్ళు తలా ఒక రకంగా చెప్తారు ఈ కథ. నేను చెప్పేది వెంకటేశ్వరి నోటితో విన్నది. అది అబద్ధం చెప్పదు. చెప్పేకి రాదు దానికి, అదే దాని ఖర్మ. ఆ వెల్లుల్లి ఇట్లా ఇయ్యి, ఒలుస్తా చెప్తా.

వెంకటేశ్వరిది మా పక్కే, రాయచోటి అవతల. ఆ నీళ్ళ పెట్టె ఉండే ఇంట్లోనే వంటకు కుదిరినాది, రాద మామా దగ్గర. రాద మామా ఈ దేశపామె కాదు. యూరప్ పక్క బల్గేరియా అని ఒక దేశం ఉండాదంట, ఆడి ఆమె. ఈడి డాక్టరొకాయన ఆడ చదువుకునేకి పోయి, ఈమెను పెండ్లి చేసుకొని తెచ్చుకున్నాడు. ఆయన ఎప్పుడో పోయినాడు. కొడుకు బదర్ వేరే ఇల్లు కట్టుకొని పెండ్లాం బిడ్డలతో ఉంటాడు. అంత పెద్ద ఇంట్లో మామా, వెంకటేశ్వరి, వాకిలి పక్క గదిలో డ్రైవరు. అంతే.

డ్రైవరు మనోడే. కుక్కుటేశ్వరరావు, గోదావరి పక్క మనిషి. "చెల్లెమ్మా, నీ చేతి పప్పు తింటే మా అమ్మ గుర్తొస్తదండీ బాబూ" అంటా పూట పూటా ఆ పిల్ల వండిన కూడు తినినోడు. వాని సంగతి తర్వాత. ఇప్పుడే ఎత్తుకుంటే ఈ పని వదిలేసి లేచిపోతా నేను.

నీళ్ళ పెట్టె పెట్టించింది మామానే. పోయినోళ్ళ పేరున సబీల్ పెట్టించడం ఈడ మామూలే గదా, మనం ఎండాకాలం చలివేంద్రం పెట్టినట్టు. మొగుని పేరున పెట్టించిందనుకున్నారు అందరూ.

కాదంట. "ఇది మా ఊరోళ్ళ పేరున," అన్యాదంట ఒకనాడు వంటింట్లో కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతా. "మా ఊర్లో గూడా దారి పక్కన రాతి కొళాయి కట్టిస్తాం పోయినోళ్ళకు."

ఆమె అరబ్బీలో వెంకటేశ్వరికి చెప్పింది, అది నాకు చెప్పింది, నేను నీకు చెప్తాండా. వినుకో.

నూటయాభై ఏండ్ల కిందటి మాట. ఆ దేశమంతా టర్కీ సుల్తాను చేతి కింద ఉండె. తాతలు ముత్తాతల కాలం నుంచీ అంతే. పండిచ్చింది పన్నులకే పోయేది, కొడితే పడాల, అడిగేకి దిక్కు లేదు. ఒక ఏడు చెట్లు పూసే కాలంలో కొండల్లో ఊర్లు లేచినాయి. తిరగబడాలంటే ఫిరంగి కావాల గదా, యాడ తెస్తారు? చెర్రీ చెట్ల బోదెలు తొలిచి, బండి చక్రానికి పట్టా బిగించినట్టు ఇనుప పట్టాలు బిగించి ఫిరంగులు చేసుకున్నారంట. ఆడపిల్లోళ్ళు రాత్రుళ్ళు కూర్చొని జెండా కుట్టినారంట. పాపం, కొన్ని ఫిరంగులు మొదటి దెబ్బకే పగిలిపోయినాయి. వానకు మందుగుండు తడిసిపోయినాది.

సుల్తాను ఏం చేసినాడు? జీతం లేని సైన్యాన్ని తోలినాడు. జీతమియ్యం, దోచుకున్నది మీదే అని. దోచుకోను వచ్చినోళ్ళు యాడోళ్ళో గాదు, చుట్టుపక్కల ఊర్లోళ్ళే చానామంది. మామా వాళ్ళ ఊరి మీదికొచ్చిన గుంపు పెద్ద ఆ ఊరి పెండ్లిండ్లలో కూర్చొని తినిపోయినోడు. "తుపాకులు కింద పెట్టండి, మీ వెంట్రుక గూడా తెగదు" అని ఒట్టు పెట్టినాడంట. నమ్మి పెట్టినారు.

పెట్టినంక... ఇంక చెప్పేకేముంది.

మిగిలినోళ్ళు, ఆడోళ్ళు పిల్లోళ్ళు, రాతి చర్చిలోకి దూరి తలుపేసుకున్నారు. ఊపిరాడదు. నీళ్ళు లేవు. కాలవ ముందే మళ్ళించినారు. బావుల్లో పీనుగలేసినారు, ఛీ... తాగే బావుల్లో. లోపల పిల్లోళ్ళంతా వోద, వోద అని ఒకటే ఏడుపంట. వాళ్ళ బాసలో వోద అంటే నీళ్ళు. దీపాల నూనెలో వేలు ముంచి పిల్లోళ్ళ పెదాలకు రాసినారంట తల్లులు. నీళ్ళు తగుల్తాయేమోనని చర్చి లోపలే నేల తవ్వినారంట. పారతో గాదు, గడ్డపారతో గాదు... గోర్లతో. పిల్లోళ్ళు గూడా.

వెంకటేశ్వరి ఇది చెప్తాంటే "చాల్లే మే, ఆపు" అన్నా నేను. ఆ పొద్దు నాకు కూడు సయించలా.

కడాకు తలుపు పగలగొట్టి లోపలోళ్ళనూ నరికినారు, ఆ పీనుగల కింద ఒక చిన్నపిల్ల ప్రాణంతో మిగిలినాది. ఆ పిల్ల మామా అవ్వకు అవ్వ. ఆ పిల్లను ఎత్తుకొనిపోయి, దాచిపెట్టి, నోట్లో నీళ్ళు పోసింది ఎవరనుకున్నావు? నరికిన గుంపులో ఒకని తల్లి. ఆ పక్కూరి ముసలామె. అందుకే మామా ఏ మతమోళ్ళనూ ఏ దేశమోళ్ళనూ ఒక మాట అనేది గాదు. ఆ దారుణం లోకమంతా పొక్కిపోయి, తర్వాత కొన్నాళ్ళకే సుల్తాను పెత్తనం పోయినాదంట. మామా ఆ మాట చెప్పి సంతోషపడేది గాదంట. ఇంకో మాట చెప్పేదంట.

"పరాయోనికి మన బావి యాడుండాదో తెలీదు వెంకటేశ్వరీ. నీళ్ళు చెడిపేటోడు ఎప్పుడూ తెలిసినోడే."

పోయేముందు దాని చెయ్యి పట్టుకొని అడిగింది గూడా అదే. నీళ్ళు ఆగనియ్యొద్దు. ఇంకేమీ అడగలా ఆ తల్లి.

మామా పోయినంక ఇల్లు మూసేసినారు. వెంకటేశ్వరిని బదర్ తన ఇంటికి తీసుకుపోయినాడు. వారానికొకసారి వచ్చి ఇల్లు ఊడ్చి, ఆ సబీల్ ట్యాంకు కడిగి పొయ్యేది అది. ట్యాంకు గోడ లోపల, వాకిట్లో, ఇనుప స్టాండు మీద ఉంటాది. దాంట్లో నుంచి పైపు గోడ దాటి బయట కూలరుకు పోతాది. కుక్కుటేశ్వరరావు ఆ గదిలోనే ఉండి, ఇంటికి కాపలా, బదర్ ఇంటికి డ్రైవరు.

కొన్నాళ్ళకు మొదలైనాది ఈ ముసలామె కథ. ఎవరు చూసినారో తెలీదు, అందరికీ తెలుసు. "రాద మామా మనసు ఇక్కడే తిరుగుతాందంట, మొగుడు పోయినంక ఒంటిది గదా" అని ఒకరు. "ఎవురో తెల్లదుప్పటి కప్పుకొని నిలబడింటే నేనే చూసినా" అని ఒకరు. తర్వాత కంపు. పగలు గూడా ముక్కు పగిలిపోయే కంపు.

ఆ పక్క సైటులో పని చేసే జగిత్యాల పిల్లోడు ఎర్రన్న, దెయ్యం లేదు గియ్యం లేదని ఒకనాడు మాపటేల పోయి కడుపునిండా తాగినాడు. ఆసుపత్రిలో పడినాడు. నేనూ వెంకటేశ్వరీ చూసేకి పోతే మంచం మీద పండుకొని ఏం చెప్పినాడో తెలుసా?

"అక్కా, నోట్ల వెంట్రుకల లెక్క తగిలినయి. మెత్తగ, సన్నగ. గప్పుడే కక్కుడు వెట్టింది. గా ముసల్దాని వెంట్రుకలేనే అవి."

వెంకటేశ్వరి ఆ మాట వింటానే లేచి బయటికి పోయినాది.

బదర్ దాన్ని పిలిపించినాడు. ట్యాంకు కడిగేది నువ్వే, మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు, బలదియా వాళ్ళు, అదే మునిసిపాలిటీ వాళ్ళు, వస్తే ఏం చెప్పాల అని కేకలేసినాడు. పక్కనే కుక్కుటేశ్వరరావు చేతులు కట్టుకొని నిలబడి ఉండాడు. "పాపం మా చెల్లెమ్మనేమీ అనొద్దు బాబా. పెద్దావిడ పోయిన దిగుల్లో శుభ్రంగా కడగడం మర్చిపోయుంటది" అన్నాడంట. చూసినావా వాని తీపి మాట? కాపాడినట్టే ఉంటాది, గొంతు కోసినట్టూ ఉంటాది.

బదర్ ఖలాస్ అన్నాడు. వారం తిరిగేలోపల పెట్టె పీకిచ్చేస్తా, నీ మీద కేసు పెట్టి పంపిస్తా అన్నాడు. కేసు పడి పంపిస్తే వేలిముద్రలు తీసుకుంటారు. ఇంక గల్ఫ్ గడప తొక్కేకి లేదు. కానీ అది ఏడ్చింది దానికి గాదు.

"గంగులక్కా, నేను కడిగిన నీళ్ళక్కా అవి. ఆయమ్మ నన్ను నమ్మి అప్పజెప్పింది. మనిషిని చంపే నీళ్ళు పోసినానా నేను?"

ఇంకొకతె అయితే ఎవడు చేసినాడబ్బా అని ఆలోచించును. ఇదేం చేసినాదో తెలుసా? మామాకు కోపమొచ్చిందనుకున్నాది. పోయినోళ్ళకు మనం ఇంట్లో కూడు పెట్టుకుంటాం గదా, ఆయమ్మకు పెట్టేటోళ్ళు ఎవరూ లేరు, కొడుక్కు ఆ పద్ధతి లేదు, అందుకే నీళ్ళు చెడిపోతాండాయి అనుకున్నాది. మామా ఏటా వాళ్ళ ఊరోళ్ళకని గోధుమలు ఉడకబెట్టి చక్కెర కలిపి పంచేది. అవే ఉడకబెట్టి ఆ ఇంటి వాకిట్లో పెట్టి మొక్కొస్తా అన్యాది. నన్ను తోడు రమ్మన్యాది. మా మామా పంపలా. ఒక్కతే పోయినాది.

రాత్రి ఇషా బాంగు గూడా అయిపోయినాది. ఎండ పోయినా వేడి పోలా, గాలి లేదు. మూసిన ఇల్లు, దీపాల్లేవు, వాకిలి గదిలో గూడా వెలుగు లేదు. వీధి దీపం వెలుగు గోడ మీదుగా కొంచెం పడతాంది, అంతే. ట్యాంకు స్టాండు కింద గోధుమల గిన్నె పెట్టినాది. పక్కన గ్లాసులో బయట కొన్న మంచినీళ్ళు పెట్టినాది. "మామా, తప్పయింటే క్షమించు" అని దండం పెట్టుకొని, లేచి వంటింటి మెట్ల మీద చీకట్లో కూర్చున్నాది. మనం కూడు పెట్టి తలుపు చాటుకు పోతాం గదా, పెద్దలు వచ్చి తినేకి. అట్లా.

కూర్చున్న కొంచేపటికి...

బర్... బర్... బర్...

ఏదో గీకుతాంది. స్టాండు కింద. పిల్లి అనుకున్నాది. ఎలుక అనుకున్నాది. ఆగినాది. మళ్ళా... బర్... బర్... నిదానంగా, అలిసిపోయినోళ్ళు గీకినట్టు.

తర్వాత ఒక గొంతు. చానా చిన్నది. "వోద..."

మామా గొంతు గాదది. ఇంకో గొంతు... "వోద..." ఇంకోటి. నేల దగ్గర్నుంచి వస్తాండాయి అన్నీ. అరిస్తే యాడ తన పక్కకు తిరుగుతాయోనని చున్నీ కొస నోట్లో కుక్కుకున్నాది.

అప్పుడు వాకిలి గది తలుపు కిర్రుమన్నాది.

తెల్లగా ఒక ఆకారం బయటికొచ్చినాది. తల మీద నుంచి కాళ్ళ దాకా తెల్లదుప్పటి. చెప్పుల్లేవు. అడుగు అడుగూ చూసుకుంటా స్టాండు తావకొచ్చినాది. నిచ్చెన ఆనించినాది. దెయ్యానికి నిచ్చెనెందుకు? ఆ మాట అప్పుడు తోచలా దానికి. చేతిలో నల్ల ప్లాస్టిక్ సంచి. నిచ్చెనెక్కి, ట్యాంకు మూత తీసి, సంచి మూతి విప్పినాది...

కంపు. వెంకటేశ్వరి చెప్పేటప్పుడు గూడా ఆడ ఆగి, లేచిపోయి ఉమ్మేసి వచ్చినాది.

పావురాలు. ఎండకు ఏసీ పెట్టెల కింద చచ్చిపడతాయి చూడు, అవి. ఏరుకొచ్చి, బాగా కుళ్ళనిచ్చి, పురుగులు పట్టినంక తెచ్చినాడు. మనుషులు తాగే నీళ్ళలో వేసేకి. వీధి దీపం మొగం మీద పడినాది. కుక్కుటేశ్వరరావు.

వాడు సంచి బోర్లించబోయి ఆగిపోయినాడు. కిందికి చూసినాడు.

"ఎవరండీ?" అన్నాడు. మెల్లగా.

గీకుడు మాత్రం... బర్... బర్...

"ఎవరండీ అది? పిల్లలేంటండీ ఇక్కడ?" కాలు విదిలించినాడు. "పట్టుకోకండి... కాలు పట్టుకోకండీ బాబూ..."

అంతే, నిచ్చెనతో సహా పడినాడు. సంచి వాని మొగం మీదే పడినాది. నోరు తెరుచుకొని అరుస్తాండాడేమో, అంతా నోట్లోకే పోయినాది. థూ. ఎవనికి వండినాడో వాడే తినినాడు.

వాని అరుపుకు సందులో పోయే కూలోళ్ళు గేటు తోసుకొని లోపలికొచ్చినారు. ముందు వచ్చినోడు ఎర్రన్న. ఆసుపత్రి నుంచి వచ్చి మళ్ళా పనికి దిగినాడు వాడు. సెల్లు లైటు వేసి చూసినాడు. తెల్లదుప్పటి, ఈకలు, పురుగులు, మధ్యలో మన గోదావరి అన్నయ్య. ఎర్రన్న వంగి ఒక సన్నటి ఈక వేళ్ళతో పట్టుకొని చూసినాడు. మెత్తటి ఈక. వాని నోట్లో తగిలిన వెంట్రుకలు అవే.

"గీడానే ముసల్ది?" అన్నాడు. ఎవరూ నవ్వలా.

ఎందుకు చేసినాడంటావా? బదర్ కారు డిక్కీలో ఐసు డబ్బా పెట్టుకొని, సైటు విడిచే పొద్దుకు నీళ్ళ బాటిళ్ళు, జ్యూసులు అమ్ముకునేవాడు. దొంగతనంగా. గోడకు చల్లటి నీళ్ళు ఉత్తగా వస్తాంటే వాని బాటిళ్ళు ఎవడు కొంటాడు? అందుకని దెయ్యాన్ని పుట్టించినాడు. దెయ్యానికి భయపడని ఎర్రన్న లాంటోళ్ళు ఉంటారని కుళ్ళు గూడా కలిపినాడు. ఈ పిల్ల ట్యాంకు కడిగేకి వచ్చే ముందు రోజు ఆ పీనుగలు వాడే తీసి పారేసేవాడు, అందుకే దానికి కనపడలా. మన బాస మాట్లాడేటోడు. మన పిల్ల చేతి కూడు తినేటోడు. మామాకు మందులు తెచ్చిపెట్టినోడు. ఉట్టి నీళ్ళు అమ్ముకునేకి. అసహ్యం మే. సుల్తాను పంపిన దోపిడోళ్ళకు కత్తులుండె, కనీసం మొగం చూపిచ్చి వచ్చినారు.

బదర్ వచ్చినాడు. వాకిలి చూసినాడు. వాన్ని ఆ రాత్రే బయటికి పంపించినాడు. వెంకటేశ్వరి ముందర తల వంచుకొని, "అమ్మ నీళ్ళు నువ్వే చూసుకో, ఆగనియ్యొద్దు" అన్నాడంట. అంత మటుకు మంచోడే.

అయిపోయినాది అనుకుంటివా? నేనూ అట్లే అనుకున్నా.

వాన్ని లేపి కూర్చోబెట్టినప్పుడు వాడు ఎర్రన్న చెయ్యి వదల్లేదంట. "ముసలావిడ సంగతి నేను చెప్పిందేనండీ, ఉత్తదే. కానీ పిల్లలేంటండీ? అంతమంది పిల్లలు... ఏదో అడుగుతున్నారండీ... వోద అంటే ఏంటండీ?" అని అందరినీ అడిగినాడంట. వానికి మామా ఊరి కథ తెలీదు. ఆయమ్మ వంటింట్లో ఈ పిల్లకు తప్ప ఎవరికీ చెప్పలా.

నేను వెంకటేశ్వరిని నిలదీసినా. "నువ్వే గదా మే చీకట్లో కూర్చొని వాన్ని బెదిరించింది? నిజం చెప్పు, మంచి పనే చేసినావు."

"నోట్లో చున్నీ కుక్కుకొని ఉండానక్కా," అన్యాది.

మర్నాడు ఆ వాకిలి కడిగేకి నేనూ పోయినా దానితో. ఈ కండ్లతోనే చూసినా. గోధుమల గిన్నె ముట్టలా. గ్లాసు పడలా, నిలబెట్టింది నిలబెట్టినట్టే ఉండాది, లోపల చుక్క లేదు. స్టాండు కింద ఇసుకలో ఒక గుంత. లోతుగా, గుండ్రంగా. పిల్లి తవ్విందన్నాడు బదర్. నేను వంగి చూసినా. గుంత చుట్టూ గీతలు, పక్కపక్కన, వేళ్ళతో లాగినట్టు. నా వేళ్ళు పెట్టి చూసినా. నా వేళ్ళు పెద్దవైనాయి.

ట్యాంకు మార్చినారు, పైపులు మార్చినారు, కూలరు కడిగినారు. ఇప్పుడు కూలోళ్ళంతా ఆడే తాగతారు, బాటిళ్ళు నింపుకొని పోతారు. నువ్వూ పోయి తాగు, ఏం కాదు. బిగించింది ఎర్రన్నే. వెంకటేశ్వరి వానితో ఇంకొక కొళాయి గూడా పెట్టించినాది. చానా కింద, మోకాలంత ఎత్తులో. అంత కింద ఎవరికే అని ఎర్రన్న అడిగితే, పిల్లులకు, ఎండకు పాపం, అన్యాదంట.

పొద్దున్నే అది పోయేసరికి ఆ కింది కొళాయి సగం తిప్పి ఉంటాదంట, కింద నేలంతా తడిగా. అది కట్టేసి వస్తాది.

పిల్లులు కొళాయి తిప్పలేవు గదా మే, అని నేను అడగలా.